బొమ్మలు కుండలో ఉడుకుతాయా?

1920 మొదట్లో బీజింగ్‌లో ఒక చిత్రకారుడు తన దగ్గరికొచ్చేవాళ్ళ కోసం ఒక నోటీసు రాసిపెట్టాడు. తెలుగులో చెప్పుకుంటే దాదాపు ఇలా ఉంటుంది: బొమ్మల అమ్మకంలో స్నేహాలూ మొహమాటాలూ లేవు. మర్యాదస్తులకి సిగ్గనేది ఉంటుంది కనుక దయచేసి రేటు ప్రకారం డబ్బివ్వండి. పూల బొమ్మలో పురుగో పిట్టో కావాలంటే ఒక్కోదానికి 10 యువాన్లు అదనం. పూలతీగ మీద తేనెటీగలు కావాలంటే ఒక్కోదానికి 20. బేరమాడేవాళ్ళు ఎదుటివాణ్ణి ముంచి తాము బాగుపడాలని చూసేవాళ్ళు. నాకది గిట్టదు.

రాసినాయన పేరు చీ బైషి. ఇరవయ్యో శతాబ్దపు చైనా సంప్రదాయ చిత్రకారుల్లో బయటి ప్రపంచానికి బాగా తెలిసిన పేరు. రొయ్యలు, పీతలు, కోడిపిల్లలు, తూనీగలు, క్యాబేజీలు, ఎర్రటి పూలు. ఇంటర్నెట్‌లో ఆయన రొయ్యల బొమ్మ మీ కళ్ళబడే ఉంటుంది, పేరు తెలియకపోయినా. ఆయన గురించి రాసేవాళ్ళు చాలామంది ఈ నోటీసు దగ్గరికొచ్చేసరికి కాస్త ఇబ్బందిగా నవ్వి ముందుకెళ్ళిపోతారు. పెద్దాయన పల్లెటూరివాడు, కష్టాలు పడి పైకొచ్చాడు, చెయ్యి కాస్త గట్టి, పోనిద్దురూ అన్న ధోరణిలో. ఆ 'పోనిద్దురూ' దగ్గరే నాకు చిరాకు. ఆయన వేసిన బొమ్మా, రాసిన రేటూ ఒకే చోట పుట్టాయని నా నమ్మకం. ఒకదాన్ని నెత్తిన పెట్టుకుని రెండోదాన్ని మన్నించి వదిలేస్తాం అంటే కుదరదు.

ఆ చోటు వడ్రంగి పని.

1864 జనవరి 1న హునాన్ ప్రావిన్సులో, శియాంగ్‌తాన్ దగ్గర పల్లెలో, పేద రైతు ఇంట్లో పుట్టాడు. చలికాలం పొయ్యి దగ్గర తాతయ్య ఒళ్ళో కూచోబెట్టుకుని ఇనప పటకారుతో బూడిదలో అక్షరాలు రాసి చూపించేవాడు. బడికి వెళ్ళింది ఏడాదిలోపే. ఆ తర్వాత పశువుల వెంట తిరగడం, పుల్లలు ఏరడం. నాయనమ్మ మనవడి మెడలో చిన్న గంట కట్టింది. సాయంత్రం ఆ గంట చప్పుడు దూరం నుంచి వినబడితే పిల్లాడు క్షేమంగా వస్తున్నాడని ఆవిడకి ధైర్యం. పిల్లాడు బక్కపలచన, నాగలి పట్టేంత సత్తువ లేదు. అందుకని వడ్రంగిలో పెట్టారు.

మొదటి గురువులు ఇళ్ళకి దూలాలూ తలుపులూ చేసే మోటు పనివాళ్ళు. ఒకరోజు గురువూ శిష్యుడూ పని ముగించుకుని వస్తుంటే ఎదురుగా ముగ్గురు వస్తున్నారు. గురువు చటుక్కున దారి పక్కకి తప్పుకుని, చేతులు కిందికి వేలాడేసి వినయంగా నిలబడ్డాడు. ఆ ముగ్గురూ ఈయన వంక చూసీ చూడనట్టు వెళ్ళిపోయారు. వాళ్ళూ వడ్రంగులే కదా, మనమూ వడ్రంగులమే కదా, మరి ఎందుకిలా అని కుర్రాడు అడిగాడు. మనది మోటు పని, వాళ్ళది నగిషీ పని, వాళ్ళతో సమానంగా మనం ఎలా నిలబడతాంరా అన్నాడు గురువు. కుర్రాడికి ఒళ్ళు మండింది. వాళ్ళకి రెండు చేతులుంటే నాకు లేవా అనుకుని, కొన్నాళ్ళకే నగిషీ చెక్కే ఇంకో గురువు దగ్గర చేరిపోయాడు. ఇదంతా ముసలితనంలో ఆయనే చెప్పి రాయించుకున్న సంగతి. అంత వయసొచ్చినా ఆ దారి పక్కన నిలబడ్డ గురువు ఆయన కళ్ళముందు నుంచి పోలేదన్నమాట.

పెళ్ళి మంచాలకీ పెట్టెలకీ చెక్కే నగిషీలో అప్పట్లో అందరూ అవే పూలబుట్టలూ అవే దేవతా మూర్తులూ తిప్పి తిప్పి చెక్కేవాళ్ళు. ఇతను పళ్ళూ పూలూ కథల్లో మనుషులూ చేర్చాడు. సుమారు 20 ఏళ్ళప్పుడు ఒక ఖాతాదారు ఇంట్లో 'ఆవగింజ తోట చిత్రలేఖన సంపుటి' కంటబడింది. పదిహేడో శతాబ్దపు చివర్లో అచ్చు మొదలైన పుస్తకం అది. కొండ ఎలా వెయ్యాలి, వెదురాకు ఎలా వెయ్యాలి అని మెట్టు మెట్టుగా నేర్పుతుంది. అరువు తెచ్చుకున్నాడు. పగలంతా ఉలి పట్టుకుని, కూలి డబ్బుల్లో కొంత పలచటి కాగితాలకి పెట్టి, రాత్రిళ్ళు పుల్లల మంట వెలుగులో ఒక్కో పేజీ మీద కాగితం పరిచి దిద్దుకున్నాడు. ఆరు నెలలు పట్టింది. కుట్టి పెట్టుకుంటే 16 సంపుటాలయ్యాయి.

కాపీ కొట్టడం నామోషీ అనుకునేవాళ్ళు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ కుర్రాడికి అది కళాసాధన కాదు, వృత్తికి కావలసిన సరుకు. మంచం మీద చెక్కడానికి కొత్త నమూనాలు కావాలి, అంతే. చిత్రకళ ఆయన ఇంట్లోకి పనిముట్ల సంచీలోంచి వచ్చింది.

తర్వాత చనిపోయిన పెద్దల బొమ్మలు వేసే పని దొరికింది. ఫోటోలు లేని రోజులు, పెద్దల బొమ్మకి పూజలుండేవి. పొరపాటున కూడా పోలిక తప్పకూడదు. డబ్బున్న ఇళ్ళవాళ్ళు ఇంకాస్త ముస్తాబు కోరేవాళ్ళు. అక్కడ ఈయన ఒక కిటుకు కనిపెట్టాడు. పైన పలచటి జాలీ బట్ట వేసి, దాని లోపలి అంగీ మీద ఉన్న గుండ్రటి డ్రాగన్ల బుటా ఆ బట్టలోంచి కనబడేలా చిత్రించడం. అలా సన్నపనితో వేస్తే 4 లియాంగుల (అదొక చైనా తూకం) వెండి ఇచ్చేవాళ్ళు. అప్పట్నుంచీ అదే రేటు స్థిరపడిందని ఆయనే చెప్పుకున్నాడు. ఈ జాలీ బట్ట సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

27వ ఏట హు చిన్‌యువాన్ అనే స్థానిక పెద్దమనిషి ఈయన బొమ్మలు చూసి, నా దగ్గర చదువుకోవయ్యా అని పిలిచాడు. ఇల్లు గడవాలి కదండీ అన్నాడు ఈయన. దానికేముంది, బొమ్మలమ్ముకుంటూ చదువుకో అన్నాడాయన. అంటే, ఈయనకి 'కళ' గురించి దొరికిన మొదటి గంభీరమైన సలహాయే అమ్ముకోమని. బైషి, అంటే తెల్లరాయి, అన్న పేరు కూడా పల్లె దగ్గరి మజిలీ పేరు మీద ఆయన పెట్టిందే. అక్కడ కవిత్వం, పువ్వులూ పిట్టలూ వెయ్యడం మొదలయ్యాయి. రాతి ముద్రలు చెక్కడం ఎలా అని తెలిసినాయన్ని అడిగితే, కావిడెడు రాళ్ళు మోసుకెళ్ళు, చెక్కు, అరగదియ్యి, మళ్ళీ చెక్కు, తినుబండారాల డబ్బాలు మూడు నాలుగు రాతిబురదతో నిండితే వస్తుందిలే అన్నాడట. ఈయన ఆ మాటని అక్షరాలా పాటించాడు. ఆయన ముద్రల్లో ఒక్కో గీతకి కత్తి ఒక్కసారే దిగుతుంది, దిద్దుబాటు ఉండదు. ఏళ్ళ తరబడి ఉలి పట్టిన మణికట్టది.

చిన్నప్పుడు నాయనమ్మ ఒక సామెత అంటుండేదట. మూడ్రోజులు గాలి, నాలుగ్రోజులు వాన, రాతలు కుండలో ఉడకడం ఎక్కడ చూశాం అని. అంటే చదువు కూడు పెట్టదని. మనవడు బొమ్మలమ్మి సంపాదించడం మొదలుపెట్టాక ఆవిడే నవ్వి అంది: కుంచెకి నువ్వు అన్యాయం చెయ్యలేదురా, ఇప్పుడు నీ బొమ్మలు కుండలో ఉడుకుతున్నాయి. ఆ మాటకి పొంగిపోయి తన గదికి వంటపాత్ర పేరు పెట్టి, పెద్దక్షరాలతో రాసి గోడకి తగిలించుకున్నాడు. చైనా పండితులు తమ గదులకి వెదురుతోపులూ వెన్నెలలూ మబ్బులూ గుర్తొచ్చే పేర్లు పెట్టుకుంటుంటే ఈయన అన్నం ఉడికే గిన్నె పేరు పెట్టుకున్నాడు. నన్నడిగితే ఆయన ఆత్మకథంతా ఆ బోర్డులోనే ఉంది.

ఇప్పుడు పిసినారితనం సంగతి. చైనాలో కొన్ని వందల ఏళ్ళుగా ఒక లెక్క నడిచింది. పరీక్షలు ప్యాసై, సర్కారు కొలువు చేసి, తీరిక దొరికినప్పుడు కుంచె పట్టే పండితుడిది కళ. కూలికి వేసేవాడిది చేతిపని. పండితుడు బొమ్మని అమ్మడు, 'ఇస్తాడు'. అవతలివాడు డబ్బివ్వడు, 'కానుక పంపుతాడు'. లోపల జరిగేది అమ్మకమే. ఈ నాటకాన్ని చీ బైషి కంటే చాలా ముందే ఒకాయన బయటపెట్టాడు. 1759లో జెంగ్ బాన్‌చియావో అనే చిత్రకారుడు యాంగ్‌జౌలో ధరల పట్టిక రాసి పెట్టాడు. పెద్ద పటం 6 లియాంగులు, మధ్యది 4, చిన్నది 2. కానుకలూ తినుబండారాలూ పంపేకంటే తెల్లటి వెండే మేలు, మీరు పంపేది నాకు నచ్చాలని లేదు కదా అని. ఆ పట్టికని చైనా పాఠకులు ఇప్పటికీ మురిసిపోతూ చెప్పుకుంటారు. ఎంత చమత్కారం, ఎంత నిక్కచ్చి అని. బాన్‌చియావో పెద్ద పరీక్ష ప్యాసైనవాడు, జిల్లా అధికారిగా పనిచేసినవాడు. అదే పని వడ్రంగి చేస్తే పిసినారితనం అయింది. రెండు నోటీసులూ పక్కపక్కన పెట్టి చదవండి. తేడా రాతలో లేదు, రాసినవాడి పుట్టుకలో ఉంది.

బీజింగ్ చిత్రకారులు ఈయన్ని మొహం మీదే మోటువాడని, వడ్రంగని ఈసడించేవాళ్ళు. ఈయన సిగ్గుపడి దాచుకోలేదు సరికదా, వడ్రంగుల మూలపురుషుడి శిష్యుణ్ణని ముద్ర చెక్కించుకుని బొమ్మల మీద గుద్దాడు. చెక్కించుకోవడమేమిటి, తనే చెక్కుకున్నాడు.

1917లో ఊళ్ళో దోపిడీ ముఠాల గొడవ ఎక్కువై బీజింగ్ వచ్చాడు. వెళ్ళిపోయాడు. 1919లో మళ్ళీ వచ్చి స్థిరపడ్డాడు. వయసు యాభై అయిదు దాటింది. అప్పటికి బాదా షాన్‌రెన్ అనే పాతకాలపు చిత్రకారుడి దారిలో, పొదుపైన గీతతో చల్లగా ఉండే బొమ్మలు వేసేవాడు. బీజింగ్‌లో ఎవరికీ అవి ఎక్కలేదు. విసనకర్ర బొమ్మకి 2 వెండి యువాన్లు పెట్టాడు, తోటివాళ్ళు తీసుకునేదాంట్లో సగం. అయినా అడిగే నాథుడు లేడు. అర్థం చేసుకున్నవాడు ఒక్కడే, చెన్ షిజెంగ్. జపాన్‌లో చదువుకుని వచ్చిన పండితుడు, మంచి చిత్రకారుడు, పెద్ద కవి కొడుకు. బజార్లో ఈయన ముద్రలు చూసి వెతుక్కుంటూ వచ్చాడు. ఇంకొకడి దారి వదిలి నీ దారి నువ్వు వెతుక్కో అన్నాడు.

అప్పుడు చీ బైషి రాసుకున్న మాట ప్రసిద్ధం. దశాబ్దాలుగా వేస్తున్నా నా మనసుకి నచ్చేట్టు రాలేదు, ఇక పూర్తిగా మారతాను, రాజధానిలో ఆకలితో చచ్చినా మీరెవరూ జాలిపడకండి అని. ఆ మార్పుకి దాదాపు పదేళ్ళు పట్టింది. నల్లటి సిరా ఆకుల మీద మండే ఎర్రటి పూలు అందులోంచే వచ్చాయి. 1922లో చెన్ షిజెంగ్ ఈయన బొమ్మలు టోక్యో ప్రదర్శనకి పట్టుకెళితే అన్నీ అమ్ముడైపోయాయి. ఒక్కో పువ్వుల పటం 100 యువాన్లు, రెండడుగుల ప్రకృతి దృశ్యం 250. అంతవరకూ మొహం తిప్పుకున్న బీజింగ్ పెద్దమనుషులు గుమ్మం ముందు వరస కట్టారు. చెన్ మరుసటి ఏడే పోయాడు. అతను లేకపోతే నేను వెనక్కి పోయేవాణ్ణని అర్థం వచ్చేలా ఈయన పద్యం రాశాడు.

ఈ ఘట్టాన్ని రెండు రకాలుగా చెబుతారు. ఒక రకం: ఆకలికి కూడా భయపడని సిసలైన కళాకారుడి తపస్సు. రెండో రకం: సరుకు అమ్ముడుపోక జనానికి నచ్చే రంగులు పులిమాడు. రెండూ నాకు సగం సగంగానే కనబడతాయి. అమ్ముడుపోకపోవడం వల్లే మార్పు మొదలైంది, అది ఆయన దాచలేదు. కానీ జనానికి నచ్చేదే వెయ్యాలనుకుంటే షాంఘైలో వు చాంగ్‌షువో అనే చిత్రకారుడి ఎర్రపూలు అప్పటికే హాట్‌కేకుల్లా పోతున్నాయి, అచ్చు అలాగే వేసి పంపితే పదేళ్ళ టెన్షన్ తప్పేది. ఈయన వు దగ్గర నేర్చుకున్నాడు, పొగిడాడు, పాతకాలపు షు వేయ్, బాదా, వు ముగ్గురి వాకిళ్ళలోనూ వంతులవారీగా కుక్కనై పుడతానని పద్యం కూడా రాశాడు. అంతా చేసి చివరికి ఆ ముగ్గురిలో ఎవరూ వెయ్యనిది వేశాడు. మొద్దు కుంచెతో రెండు మూడు ఊపుల్లో వేసిన అరటాకు, దాని మీద రెక్కలోని ఈనెలు కూడా లెక్కపెట్టగలిగే తూనీగ. మోటు పని, నగిషీ పని ఒకే కాగితం మీద. దారి పక్కన నిలబడ్డ గురువూ, చూడకుండా వెళ్ళిపోయిన ఆ ముగ్గురూ ఒకే పటంలోకి వచ్చినట్టు నాకనిపిస్తుంది.

ఆ పురుగుల గురించి ఇంకో సంగతి ఉంది. కళ్ళు బాగున్న రోజుల్లోనే ఖాళీ కాగితాల మూలల్లో మిడతలూ తూనీగలూ చిమ్మటలూ సన్నగా వేసి దాచుకునేవాడు. చూపు మందగించాక ఆ కాగితాలు బయటికి తీసి మిగతా చోట పువ్వులూ ఆకులూ మొద్దు కుంచెతో నింపి సంతకం చేసేవాడు. నింపకుండా మిగిలిపోయిన కాగితాలు ఈనాటికీ ఉన్నాయి, పెద్ద తెల్లటి కాగితం మూల ఒంటరిగా ఒక పురుగు. ముందుచూపున్న పనివాడు ఎండాకాలంలో కలప కోసి ఆరబెట్టుకుంటాడు చూడండి, అలా. ఇది తెలిశాక కొందరు అదోలా మొహం పెడతారు, ప్రేరణ వచ్చినప్పుడు వెయ్యాలి గానీ ఈ స్టాకు పెట్టుకోవడమేమిటి అని. ప్రేరణకి కంటిచూపు అక్కర్లేదనుకుంటారు కాబోలు.

ఇక రొయ్య. మన భీమవరం వైపువాళ్ళకి రొయ్య గురించి నేను చెప్పక్కర్లేదు. పొట్ట భాగంలో ఆరు కణుపులు, నడిచే కాళ్ళు పది. చీ బైషి ముసలితనపు రొయ్యకి కణుపులు అయిదే, కాళ్ళు ఏటేటా తగ్గుతూ వచ్చాయి. చిన్నప్పుడు చెరువులో దూది ఉండతో రొయ్యలు పట్టిన పిల్లాడు, ముసలయ్యాక బల్ల మీద గిన్నెలో బతికున్న రొయ్యలు పెట్టుకుని పుల్లతో కదిపి చూసేవాడు. చూసిన కొద్దీ తగ్గించాడు.

ఎలా వేస్తాడో చూద్దాం. పచ్చి షువాన్ కాగితం. ఒక చెట్టు బెరడూ వరిగడ్డీ కలిపి చేసే కాగితం అది. తడి తగలగానే పీల్చుకుని పక్కకి పాకుతుంది. నేను తెప్పించుకుని వేసి చూశాను, కుంచె ఆనించి ఒక్క క్షణం ఆలోచిస్తే అక్కడ మరక గుండ్రంగా తయారవుతుంది. చెరపడం లేదు, దిద్దడం లేదు. ఆయన నీళ్ళలాంటి లేత సిరాతో కణుపు మీద కణుపు వేస్తాడు. రెండు తడి మరకలు కలిసే చోట సిరా ఆగి సన్నటి తెల్లని అంచు మిగులుతుంది, అదే కణుపుల మధ్య సందు. నడిమి కణుపు కొంచెం పైకి లేస్తుంది, దాంతో నడుం వంగుతుంది. తల మీద లేత సిరా ఇంకా ఆరకుండానే చిక్కటి నలుపు ఒక్క చిన్న గీత. అది పెంకులోపల ఉన్నట్టు కనబడుతుంది గానీ పెంకు మీద గీసినట్టుండదు. ఆఖర్న మీసాలు, ఎక్కడా తెగకుండా. నీళ్ళు వెయ్యడు. ఒక్క చుక్క కూడా. రొయ్యల్ని చూస్తే నీళ్ళు మనకే కనిపిస్తాయి.

పెంకులోంచి లోపలిది కనబడటం. జాలీ బట్టలోంచి డ్రాగన్ బుటా కనబడటం. శియాంగ్‌తాన్ పల్లెల్లో ఎవరి తాతగారి బొమ్మకో 4 లియాంగులు పుచ్చుకుని కనిపెట్టిన కిటుకే, తూనీగ రెక్కల మీదుగా, ముప్ఫై నలభై ఏళ్ళకి రొయ్య పెంకు దాకా వచ్చిందని నా ఊహ. చరిత్రకారులు ఒప్పుకుంటారో లేదో గానీ, నేను మాత్రం ఆ దారి స్పష్టంగా చూస్తున్నాను. ఖాతాదారు అదనపు డబ్బిచ్చి అదనపు పని అడక్కపోతే ఆ చెయ్యి అటు తిరిగేది కాదు.

అందుకే ఒక్కో పురుగుకి ఇంత అన్న రేటు నాకు న్యాయంగానే తోస్తుంది. ఆయన గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఎవరో రొయ్యల బొమ్మ కొనుక్కుని, కొసరుగా ఇంకో రొయ్య వెయ్యమన్నాడట. వేశాడు, ఊపిరి లేనట్టు వేశాడు. ఇదేమిటి ఇలా ఉందంటే, కొసరు రొయ్య కదా, చచ్చినదే వస్తుంది అన్నాడట. నిజమో కల్పనో గానీ, ఏ పనివాడిని అడిగినా ఇది జరిగే ఉంటుందంటాడు.

నేను పుస్తకాలకి అట్టబొమ్మలు వేసి బతుకుతాను. ఒకాయన తన కథల పుస్తకానికి మూడు రకాలుగా అట్ట వేయించుకుని, డబ్బు సంగతి ఎత్తేసరికి, లోపల మీ పేరు వేస్తున్నాం కదండీ అన్నాడు. మా బాబాయి ఫోన్ చేసి, పది నిమిషాల పనేగా, చెల్లి శుభలేఖకి రెండు నెమళ్ళు గీసి పడెయ్యరా అంటాడు. ఒక్కో నెమలికి 10 యువాన్లు బాబాయ్ అనాలని నోటిదాకా వస్తుంది. శిల్పారామంలో కొండపల్లి బొమ్మ దగ్గర యాభై రూపాయలు తగ్గించుకుని గెలిచినట్టు నవ్వేవాళ్ళే, బయటికొచ్చి పార్కింగ్‌కి మాట్లాడకుండా డబ్బులిస్తారు. కళని అమ్ముకోకూడదన్న మాట మన దగ్గర ఎంత పవిత్రమో చెప్పనక్కర్లేదు. సరస్వతి కన్నీళ్ళు పెట్టుకుంటే, నిన్ను రాజుకి అమ్మనమ్మా అన్న కవి కథ చిన్నప్పట్నుంచీ వింటూనే పెరిగాం. ఆ కథలో కవికి పొలం ఉంది, దున్నుకుని తిన్నాడు. పొలం లేనివాడి సంగతి కథ చెప్పదు.

చీ బైషి ఆ రెండు విషయాల్నీ విడదీశాడు. అమ్మడం వేరు, లొంగడం వేరు. 1937లో బీజింగ్ జపాన్ సైన్యం చేతిలో పడింది. అంతకు పదేళ్ళ ముందు చిత్రకారుడు లిన్ ఫెంగ్‌మియన్ ఈయన్ని బతిమాలి బతిమాలి ప్రభుత్వ కళాశాలలో పాఠాలు చెప్పడానికి ఒప్పించాడు, ఆ తర్వాత షు బేహోంగ్ కూడా వెంటబడి పిలిచాడు. శాంతినికేతన్‌కి వచ్చి ఠాగూర్ బొమ్మ వేసిన షు బేహోంగే. బడికి పోని పల్లెటూరివాణ్ణి ఆ పాశ్చాత్య తరహా కాలేజీలో ఏం చెబుతానంటూ భయపడుతూనే వెళ్ళిన ఉద్యోగాలు అవి. ఆక్రమణ రాగానే వదిలేశాడు. మళ్ళీ తలుపు మీద నోటీసు. గుండెజబ్బు తిరగబెట్టింది, ఎవర్నీ కలవడం లేదని ఒకసారి. 1940లో ఇంకోటి: స్వదేశీ విదేశీ అధికారులెవరికైనా నా బొమ్మలు కావాలంటే మనిషిని పంపితే చాలు, స్వయంగా రానక్కర్లేదు; అధికారి సామాన్యుడి ఇంట్లో కాలు పెడితే ఇంటివాడికి మంచిది కాదని పెద్దల మాట. 1920 నోటీసు రాసిన చెయ్యే ఇదీ రాసింది. ఎవరికి ఎంతకి అమ్మాలో తేల్చుకున్నవాడికే ఎవరికి అమ్మకూడదో కూడా తెలుస్తుందని నాకనిపిస్తుంది. కానుకల మీద బతికే పండితుడికి ఆ వెసులుబాటు ఉండదు, ఎందుకంటే కానుక తెచ్చినవాణ్ణి వాకిట్లో నిలబెట్టలేడు.

1949 తర్వాత కథ నాకంత నచ్చదు, త్వరగా చెప్పేస్తాను. కొత్త ప్రభుత్వం నెత్తిన పెట్టుకుంది. మావో కూడా శియాంగ్‌తాన్ వాడే, పిలిచి మాట్లాడాడు. 1953లో ప్రజా కళాకారుడన్న బిరుదు, చిత్రకారుల సంఘానికి అధ్యక్ష పదవి. తర్వాత ప్రపంచ శాంతి మండలి బహుమతి. శాంతి కోసం పావురాలు వేశాడు. ఆ పావురాలు మంచివే, కానీ అవి ఎవరో సభ కోసం కూర్చున్నట్టుంటాయి. పొలం గట్టున దొరికిన మిడత ఎవరి కోసమూ కూర్చోదు. ఎక్కువ వేశాడు, ఒకటే మళ్ళీ మళ్ళీ వేశాడు అన్న విమర్శ కూడా నిజమే. రోజూ పొద్దున్నే కుంచె పట్టినవాడి చేతిలోంచి వచ్చినవన్నీ ఒకే స్థాయిలో ఎలా ఉంటాయి? 1957 సెప్టెంబర్ 16న బీజింగ్‌లో పోయాడు.

అరవై ఏళ్ళకి, 2017 డిసెంబరులో, బీజింగ్‌లో పోలీ సంస్థ వేలంలో ఆయన 1925లో వేసిన 12 ప్రకృతి దృశ్యాల వరస 93.15 కోట్ల యువాన్లకి పోయింది. దాదాపు 14 కోట్ల డాలర్లు. చైనా చిత్రకళలో 10 కోట్ల డాలర్లు దాటిన మొదటి పని అది. ఆ రోజుల్లో ఒక డాక్టరుకి ఇచ్చిన పటాలు అవి. అంతకుముందు 2011లో ఆయన గద్ద బొమ్మ 42.55 కోట్లకి పాట పాడి, అసలుదో కాదో అన్న అనుమానం రేగి కొన్నవాడు డబ్బు కట్టలేదన్న వార్తలొచ్చాయి. బేరం గురించి ముసలాయన చెప్పిందే మళ్ళీ చెప్పాల్సివచ్చింది. ఈ వేలాల్లో చేతులు మారిన డబ్బుకీ రొయ్య కణుపుకీ ఏ సంబంధమూ లేదు. ఆ కణుపుని నిలబెట్టింది 2 యువాన్లకి, 10 యువాన్లకి కొని గోడకి తగిలించుకున్న బీజింగ్ జనం.

నా వాదనంతా ఆయన వైపే ఉంది గానీ, ఒక చోట మాత్రం ఆయన పట్టిక నాకు మింగుడుపడదు. భార్య చెన్ చున్‌జున్ చిన్నపిల్లగా ఉండగానే కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టింది. ఆయన నగిషీ పనికి ఊళ్ళు తిరిగినప్పుడూ, 1902 నుంచి 1909 దాకా దేశమంతా చూసి వచ్చినప్పుడూ, బీజింగ్‌లో మార్పు కోసం తలుపులు మూసుకున్నప్పుడూ కూరగాయలు పండించి, నీళ్ళు మోసి, పిల్లల్నీ అత్తమామల్నీ చూసుకుంది ఆవిడే. 1919లో ఆయనకి రాజధానిలో తోడుండాలని 18 ఏళ్ళ హు బావోజుని ఉంపుడుగత్తెగా కుదిర్చింది కూడా ఆవిడే. తను మళ్ళీ పల్లెకి, పొలానికి. పురుగుకింత, పిట్టకింత, తేనెటీగకింత అని రాసిన మనిషి దగ్గర ఈ పనికి రేటు లేదు. 1940లో ఆవిడ పోయింది. కబురు హునాన్ నుంచి ఉత్తరంలో వచ్చింది. యుద్ధం, ముసలితనం, వెళ్ళలేకపోయాడు. రెండు పాదాల శోకగీతం రాశాడు. మొదటి పాదంలో మనుషుల్ని ఎర్రదారంతో ముడివేసే దేవుణ్ణి నిందించాడు, ముడివేసి మళ్ళీ ఎందుకు విడదీశావని. రెండో పాదంలో యముణ్ణి నిలదీశాడు, నా చావుబతుకులు నీ చేతిలో ఉన్నాయి కదా, మమ్మల్ని కలిపి ఉంచడం మాత్రం నీకెందుకు పట్టలేదని. యముడు మన దగ్గర్నుంచే అక్కడికి వెళ్ళినవాడు, అక్కడ మొహం నల్లగా ఉంటాడట. ఏళ్ళ తరబడి విడిగా ఉన్నది యముడు చెప్పాడని కాదు, బీజింగ్‌లో బొమ్మలమ్ముకోవడానికి. ఆ సంగతి మాత్రం శోకగీతంలో లేదు.